పాకుడు రాయి, పాసి మెట్టు: ఒక విశేషణం అర్థనిర్ణయం, వ్యుత్పత్తి విచారం

వ్యాససంగ్రహం:

తడి తగిలే రాతి మీద, గోడ మీద, మెట్ల మీద పెరిగే పచ్చని పొరను చెప్పడానికి తెలుగులో పాచి, నాచు, పాకుడు అనే మాటలున్నాయి. వీటిలో ‘పాకుడు’ విశేషణంగా ఎక్కువ ప్రసిద్ధిలోకి వచ్చింది. రావూరి భరద్వాజ నవల ‘పాకుడురాళ్ళు’ అందుకు ముఖ్య కారణం. అయితే ఆ శీర్షికను ఆంగ్లంలోకి మార్చినప్పుడు ‘పాకే రాళ్ళు’ అనే అర్థం వచ్చే అనువాదం ప్రచారం పొందింది. ఈ పొరపాటుకు మూలం వ్యుత్పత్తిని అర్థంగా భ్రమించడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘పాచి’ వర్ణవాచకమైన ధాతువు నుంచి, ‘పాకుడు’ చలనవాచకమైన ధాతువు నుంచి ఏర్పడ్డాయని, విశేషణంగా నిలిచినప్పుడు ‘పాకుడు’ క్రియాజన్య విశేషణం కాదని, నామమేనని నిరూపించే ప్రయత్నం ఇందులో ఉంది. కర్నూలు, కడప ప్రాంతాల ‘పాసి’ రూపాన్ని, ఆ మెట్టనేలలో ఆ మాటకున్న అనుభవార్థాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పాచి, పాసి, పాకుడు, నాచు, విశేషణం, వ్యుత్పత్తి, రాయలసీమ మాండలికం, అనువాదం, పాకుడురాళ్ళు.

1. ఉపోద్ఘాతం

2012 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం రావూరి భరద్వాజకు లభించింది. ఆ ప్రకటన 2013లో వెలువడింది. విశ్వనాథ సత్యనారాయణ, సి. నారాయణరెడ్డి తరువాత ఆ గౌరవం పొందిన మూడవ తెలుగు రచయిత ఆయన. ఆ సందర్భంలో ఆయన ప్రసిద్ధ నవల ‘పాకుడురాళ్ళు’ పేరును ఆంగ్ల పత్రికలు ‘క్రాలింగ్ స్టోన్స్’ అని రాశాయి. ఆ తరువాత అదే స్థిరపడింది. ఆ మాటలను మళ్ళీ తెలుగు చేస్తే ‘పాకే రాళ్ళు’ అవుతుంది. రాళ్ళు పాకవు. తెలుగు పాఠకుడెవరికీ ఆ శీర్షిక వినగానే పాకుతున్న రాళ్ళు స్ఫురించవు. కాలు పెడితే జారే, పచ్చని జిగురు పొర కప్పిన రాళ్ళు స్ఫురిస్తాయి. మరి ఇంత స్పష్టమైన మాట అనువాదంలో ఇలా ఎందుకు తప్పిపోయింది?

అనువాదకుల అశ్రద్ధ అని ఒక్క మాటతో తీసివేయదగిన ప్రశ్న కాదిది. ‘పాకు’ అనే క్రియ ‘పాకుడు’లో పైకే కనిపిస్తోంది. దానికి ‘డు’ చేరింది. ‘జారుడుబండ’, ‘దిగుడుబావి’ వంటి మాటలు మన వాడుకలో ఉన్నాయి. ఆ వరుసలో చూస్తే ‘పాకుడురాయి’కి ‘పాకు’ అనే పనితో సంబంధం ఉన్న రాయి అని అర్థం చెప్పడానికి వ్యాకరణం అడ్డురానట్లే తోస్తుంది. కనుక ఈ విశేషణం ఎక్కడి నుంచి వచ్చింది, వాక్యంలో ఏ పని చేస్తోంది అనే రెండు ప్రశ్నలను వేరుచేసి చూడవలసి ఉంది.

2. సమానార్థకాలుగా కనిపించే మాటలు

నిఘంటువులలో పాచి, నాచు, పాకుడు ఒకదానికొకటి పర్యాయాలుగా చెప్పడం పరిపాటి. సంస్కృతంలోని శైవలం, శైవాలం, జలనీలి కూడా ఆ పక్కనే చేరతాయి. వృక్షశాస్త్ర దృష్టితో చూస్తే ఇవన్నీ ఒకే వస్తువు కావు. చెరువు నీటిపై తేలేవి, నీటిలో తీగలుగా సాగేవి ఎక్కువగా శైవలాలు. గోడల మీద, రాళ్ళ మీద మెత్తని పట్టులా కనిపించేవి బ్రయోఫైటా వర్గంలోని మొక్కలు. వీటికి నిజమైన వేళ్ళుండవు. రైజాయిడ్లనే సన్నని పోగులతో రాతిని పట్టుకొని ఉంటాయి. బావిమెట్ల మీద కాలు జారేలా చేసే జిగురు పొరలో ఎక్కువ భాగం శైవలాలు, సయనోబాక్టీరియాలే. పాఠ్యపుస్తకాలలో శైవలమనే మాట పారిభాషిక పదంగా స్థిరపడింది గాని, వాడుకభాష ఈ శాస్త్రవిభజనను అనుసరించలేదు.

వాడుకభాష మరొక విభజన చేసుకొంది. ‘నాచు’ అన్నప్పుడు ముందుగా నీరు తలపుకు వస్తుంది. చెరువులో నాచు, సముద్రపు నాచు అంటాము. ‘పాచి’ అన్నప్పుడు పొర తలపుకు వస్తుంది. గోడకు, కుండకు, పంటికి పాచి పడుతుంది. ‘పాకుడు’ అన్నప్పుడు కాలు తలపుకు వస్తుంది. మెట్లకు, రాళ్ళకు, తొట్టికట్టకు పాకుడు పట్టిందంటే అక్కడ జాగ్రత్తగా నడవాలని అర్థం. ఈ మూడు మాటలు ఒకే పచ్చదనాన్ని మూడు వైపుల నుంచి చూస్తున్నాయి. నాచు అది ఉండే చోటును, పాచి అది కప్పే తీరును, పాకుడు దాని వల్ల మనిషికి కలిగే ప్రమాదాన్ని ముందుకు తెస్తాయి. పర్యాయపదాలనుకొని ఒకదాని చోట మరొకటి వేస్తే పోయేది ఈ తేడాయే.

3. ‘పాచి’: వర్ణం నుంచి వస్తువుకు

‘పాచి’ వ్యుత్పత్తిలో పెద్ద చిక్కు లేదు. పచ్చ, పసరు, పసుపు, పసిడి, పసి అనే మాటలన్నీ ఆకుపచ్చ, పసుపుపచ్చ రంగులను, లేతదనాన్ని సూచించే ఒకే ద్రావిడ ధాతువు సంతానం. తమిళంలో పచ్చై, పసుమై అనే మాటల సరసన ‘పాసి’ ఉంది. కన్నడంలో ‘పాచి’ ఉంది. ఒకే ధాతువు ఒకచోట హ్రస్వంతో, మరొకచోట దీర్ఘంతో కనిపించడం ద్రావిడభాషలలో సుపరిచితమైన విషయం. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రవేత్తలు ఈ మార్పును విస్తృతంగా చర్చించారు. పసి, పాచి అనే జంట కూడా అటువంటిదే. కాబట్టి పాచి అంటే మొదట ‘పచ్చనిది’ అని అర్థం. అంటే రంగే వస్తువుకు పేరయింది.

ఇక్కడ కర్నూలు, కడప ప్రాంతాల వాడుక ఒక ముఖ్యమైన ప్రశ్నను లేవనెత్తుతుంది. అక్కడి పల్లెలలో ‘పాసి’ అనే ఉచ్చారణ సర్వసాధారణం. పాసి పట్టింది, పాసినోరు, పాసిపోయిన కూడు అంటారు. ప్రమాణభాషలో చదువుకొన్నవారు దీనిని ‘పాచి’కి వికృతరూపంగా, అశ్రద్ధతో పలికిన మాటగా భావించడం కద్దు. అయితే ధాతుకుటుంబాన్ని గమనిస్తే ఆ తీర్పు అంత సులభం కాదు. తెలుగులో రెండచ్చుల మధ్య ఒంటిగా వచ్చే మూలద్రావిడ చకారం సాధారణంగా సకారంగా కనిపిస్తుంది. పసి, పసరు, పసుపు అందుకు సాక్ష్యాలు. ద్విత్వమైనప్పుడే ‘పచ్చ’ వలె చకారం నిలుస్తుంది. ఆ లెక్కన దీర్ఘం తరువాత ఒంటిగా వచ్చే చోట ‘పాసి’ అనే రూపమే కుటుంబంలోని తక్కిన మాటలకు దగ్గరగా ఉంది. సంజాయిషీ చెప్పుకోవలసింది నిజానికి ‘పాచి’ రూపమే. అది ఒకప్పటి ద్విత్వం దీర్ఘం తరువాత తేలికపడగా మిగిలినది కావచ్చు. లేదా పొరుగుభాష ప్రభావం కావచ్చు.

దీనివల్ల ‘పాసి’ ప్రాచీనమని, ‘పాచి’ అర్వాచీనమని తేల్చడం తగదు. మాండలికాలలో చకారం తరువాతి కాలంలో సకారమైన సందర్భాలూ ఉన్నాయి. కాని ‘పాసి’ని తప్పుగా లెక్కించడానికి శాస్త్రాధారం లేదన్నది మాత్రం స్పష్టం. తెలుగు తొలి శాసనాలలో ఒకటిగా పేరొందిన కలమళ్ళ శాసనం కడప జిల్లాలోనిదే. రేనాటి చోళుల కాలం నుంచి తెలుగు రాతలో నిలిచిన నేల అది. ఆ నేల పలుకుబడిని పరిశీలించకుండానే భ్రష్టరూపమనడం పరిశోధన పద్ధతి అనిపించుకోదు.

4. పాచి విశేషణమైనప్పుడు

‘పాచి’ నామంగా వస్తువును చెబుతుంది. అదే మాట మరొక నామానికి ముందు నిలిచి విశేషణమైనప్పుడు అర్థం మారుతుంది. పాచి అన్నం, పాచి పళ్ళు, పాచి నోరు, పాచి ముఖం అన్న ప్రయోగాలలో ఎక్కడా ఆకుపచ్చ పొర లేదు. రాత్రి గడిచిపోయిందని, శుభ్రం కాలేదని అర్థం. ఈ అర్థపరిణామాన్ని ఇలా ఊహించవచ్చు. రాతికి పట్టే పొర పేరు మొదట పంటికి పట్టే పొరకు వర్తించింది. పండ్లు తోమని నోరు పాచినోరయింది. తెల్లవారి ముఖం కడగని స్థితికి ఆ పేరు వచ్చింది. అక్కడి నుంచి రాత్రి మిగిలిన అన్నానికీ, తెల్లవారుజామున చేసే ఊడ్పు, తోముడు పనులకూ వ్యాపించింది. చివరకు ‘పాచిపని’ అంటే ఇళ్ళలో గిన్నెలు తోమి, వాకిలి ఊడ్చే స్త్రీల శ్రమకు పేరయింది. పచ్చదనాన్ని చెప్పిన మాట మనిషి శ్రమను చిన్నచూపు చూసే మాటగా మారిన దారి ఇది.

ఈ పరిణామానికి వ్యాకరణపరమైన ఫలితం ఒకటుంది. నామానికి ముందు ‘పాచి’ని నేరుగా చేర్చే స్థానాన్ని నిలవ, అశుభ్రత అనే అర్థాలు ఆక్రమించాయి. కనుక ‘పాచి మెట్లు’ అంటే వినేవారికి అర్థం స్థిమితపడదు. పొర కప్పిన మెట్లు అని చెప్పాలంటే ‘పాచి పట్టిన మెట్లు’ అని క్రియను తోడు తెచ్చుకోవలసి వస్తుంది. ఒకే మాటతో చెప్పగల విశేషణం అవసరమైంది. ఆ ఖాళీని పూరించిన మాట ‘పాకుడు’. పాకుడు మెట్లు, పాకుడు రాళ్ళు అన్నప్పుడు సందేహానికి తావు లేదు. ఒక మాట విశేషణంగా నిలదొక్కుకోవడానికి దాని స్వంత బలంతో పాటు పొరుగు మాట ఖాళీ చేసిన చోటు కూడా కారణమవుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

5. ‘పాకుడు’: చలనం నుంచి వస్తువుకు

‘పాకుడు’ను ‘పాచి’ నుంచే సాధించాలన్న ఆలోచన కలగడం సహజం. రెండూ ‘పా’తో మొదలవుతాయి, ఒకే వస్తువును చెబుతాయి. కాని ధ్వనులు అంగీకరించవు. కకారం చకారంగా మారే తాలవ్యీకరణం తెలుగులో పదాది హల్లుకు, అదీ ఇకార, ఎకారాల వంటి తాలవ్యాచ్చులకు ముందు జరిగిన మార్పు. పదమధ్యంలో, దీర్ఘాకారం తరువాత ఉన్న ‘చ’కు ‘క’ను మూలంగా గాని, రూపాంతరంగా గాని చూపడానికి ఆ సూత్రం పనికిరాదు. కనుక ఇవి అర్థంలో కలిసిన రెండు వేర్వేరు మాటలు.

‘పాకుడు’కు దగ్గరగా ఉన్న ధాతువు ‘పాకు’. దీని పూర్వరూపం ‘ప్రాకు’. ప్రాత పాతగా, క్రొత్త కొత్తగా, మ్రాను మానుగా మారినట్లే ఇది కూడా రేఫను కోల్పోయింది. ఈ క్రియ అర్థపరిధిని గమనించాలి. పసిబిడ్డ పాకుతుంది. తీగ పందిరి మీదికి పాకుతుంది. తెగులు చేలో పాకుతుంది. విషం ఒంటిలో పాకుతుంది. తిమ్మిరి కాలి నుంచి పైకి పాకుతుంది. ఎగబాకడంలో ఉన్నదీ ఈ క్రియే. వీటన్నిటిలో సమానంగా ఉన్న అంశం, ఒక తలాన్ని అంటిపెట్టుకొని మెల్లగా విస్తరించడం. రాతి మీద పచ్చని పొర పెరిగే తీరు ఇదే. నిన్న ఒక మూలన ఉన్నది కొన్నాళ్ళకు మెట్టంతా పరచుకొంటుంది. అది లేవదు, నిలబడదు. అంటుకొని సాగుతుంది. కాబట్టి ‘పాకుడు’ అంటే ‘పాకేది’ అని వ్యుత్పత్త్యర్థం చెప్పవచ్చు. ఇక్కడ పాకేది రాయి కాదు, ఆ రాతి మీది పొర.

‘పాకురు’ అనే రూపం కూడా వాడుకలో ఉంది. పాకురు పట్టిన గోడ అంటారు. దీనినే ప్రాచీనరూపంగా తీసుకొంటే ‘డు’ ప్రత్యయం అన్న వాదం కొంత సడలుతుంది. అయినా చిగురు, పసరు వంటి మాటల వలె ‘పాకురు’ కూడా నామమే. రెండు రూపాలలో ఏది ముందుదైనా అది వస్తువు పేరన్న సంగతి మారదు. తరువాతి వాదానికి ఆధారం ఈ అంశమే.

6. ‘డు’ చేరిన మాటలు: ఒక పరీక్ష

క్రియకు ‘డు’ చేరిన మాటలు తెలుగులో ఒకే రకంగా ప్రవర్తించవు. వాటిని మూడు రకాలుగా విభజించి చూడవచ్చు.

మొదటి రకం మాటలు పని జరిగే చోటును చెబుతాయి. జారుడుబండ అంటే మనిషి జారే బండ. దిగుడుబావి అంటే మనిషి దిగే బావి. ఇక్కడ బండ జారదు, బావి దిగదు. పని మనిషిది, చోటు వస్తువుది.

రెండవ రకం మాటలు పనిని గాని, స్వభావాన్ని గాని చెబుతాయి. అమ్ముడుపోవు, మింగుడుపడు అన్నచోట పని. దూకుడు మనిషి అన్నచోట స్వభావం.

మూడవ రకం మాట ఆ పని చేసే వస్తువుకే పేరవుతుంది. ‘పాకుడు’ ఈ రకానికి చెందింది.

ఈ తేడాను పట్టుకోవడానికి ‘పట్టు’ అనే క్రియ మంచి గీటురాయి. తుప్పు పట్టింది, బూజు పట్టింది, చిలుము పట్టింది, మకిలి పట్టింది అని అంటాము. ఒక తలాన్ని కప్పే వస్తువుల పేర్లే ఈ క్రియతో ఇలా అన్వయిస్తాయి. పాకుడు పట్టింది అనడం సహజం. జారుడు పట్టింది, దిగుడు పట్టింది అనలేము. అంటే జారుడు, దిగుడు అనేవి చోటును విశేషించే క్రియాజన్యరూపాలు. పాకుడు మాత్రం తుప్పు, బూజు, మకిలి అనే వరుసలోని నామం. తుప్పు రేకు అంటే తుప్పు పట్టిన రేకు. మకిలి గిన్నె అంటే మకిలి పట్టిన గిన్నె. అదే విధంగా పాకుడు రాయి అంటే పాకుడు పట్టిన రాయి. ఇక్కడ విశేషణం పని చేస్తున్నది నామమే. క్రియ దానిలో ఎప్పుడో నిద్రపోయింది.

‘క్రాలింగ్ స్టోన్స్’ అనువాదం రెండు అడుగులు తప్పు వేసింది. మొదటిది, నామంగా స్థిరపడిన మాటను మళ్ళీ క్రియగా విప్పింది. రెండవది, విప్పిన క్రియకు కర్తగా పొరను కాక రాతిని నిలిపింది. వ్యుత్పత్తి నిజమే అయినా అర్థం తప్పింది. మాట పుట్టుక తెలిసినంత మాత్రాన మాట అర్థం తెలిసినట్లు కాదన్న హెచ్చరిక ఇందులో ఉంది.

7. శీర్షికగా ‘పాకుడురాళ్ళు’

భరద్వాజ ఈ నవలకు మొదట పెట్టిన పేరు ‘మాయజలతారు’. సినిమా లోకపు తళుకును అది సూచిస్తుంది. తళుకు చూసేవారి అనుభవం. ‘పాకుడురాళ్ళు’ అన్న పేరు దృష్టిని చూసేవారి నుంచి నడిచేవారి వైపు తిప్పింది. నాటకాల నుంచి బయలుదేరి చిత్రసీమలో తారగా ఎదిగిన మంజరి కథ ఇది. ఆమెకు దొరికిన ప్రతి ఆధారమూ పైకి తీసుకువెళ్ళే మెట్టే. ఆ మెట్టు మీదనే కాలు జారే గుణమూ ఉంది. మెట్టు, ప్రమాదం వేరువేరు చోట్ల లేవు.

ఈ శీర్షికను ‘పాచిపట్టిన రాళ్ళు’ అని మార్చి చదివి చూస్తే తేడా తెలుస్తుంది. అప్పుడు నిలవదనం, మురికి, కుళ్ళు అనే అర్థాలు ముందుకు వస్తాయి. చిత్రపరిశ్రమ కుళ్ళిపోయిందన్న తీర్పు వినిపిస్తుంది. ‘నాచురాళ్ళు’ అంటే చెరువుగట్టు దృశ్యం వస్తుంది, తీర్పు గాని హెచ్చరిక గాని ఉండదు. ‘పాకుడురాళ్ళు’ తీర్పు చెప్పదు, హెచ్చరిస్తుంది. రాయి చెడ్డదని అనదు, కాలు పెట్టేవారికి జాగ్రత్త చెబుతుంది. మంజరి పట్ల నవల చూపే సానుభూతికి ఈ మాటే తగినది. ఆమె పతనానికి ఆమె స్వభావం ఎంత కారణమో, ఆమె కాలికింది నేల అంతకన్న కారణమన్న వివేకం శీర్షికలోనే ఉంది. పాకే రాళ్ళని అనువదించినప్పుడు పోయింది ఈ వివేకమే. ‘పాకుడు’లో నిద్రిస్తున్న ‘పాకు’ను తెలుగు పాఠకుడు ఎగబాకడంతో కలిపి వినడానికి అవకాశం లేకపోలేదు. అది అర్థానికి తోడయ్యే ధ్వని మాత్రమే, అర్థం స్థానాన్ని తీసుకోదు.

8. మెట్టనేలలో పాసి

ఈ మాటలన్నిటి వెనుక తడి ఉంది. తడి లేని నేలలో వీటి అర్థం ఎలా ఉంటుందన్నది తరువాతి ప్రశ్న. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలలో సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల లోపే. ఆ జిల్లాలలోనే రెండు నీటిలోకాలున్నాయి. సుంకేసుల నుంచి నంద్యాల మీదుగా కడప దాకా సాగే కె.సి. కాలువ కింద వరి పండే పల్లెలు ఒకటి. పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు వాన కోసం ఎదురుచూసే పల్లెలు మరొకటి. కాలువగట్టున పాసి కాలు జార్చే ఇబ్బంది. మెట్టపల్లెలో అది నీరున్న గుర్తు.

రాయి కూడా ఇక్కడ వేరు. బేతంచెర్ల నాపరాయి, కడప బండ ఈ ప్రాంతపు ఇళ్ళకు, అరుగులకు, బావిమెట్లకు, బట్టలుతికే చోట్లకు ఆధారం. నున్నని సున్నపురాతి పలకలవి. వాటి మీద సన్నని పొర పేరుకొన్నా చాలు, కాలు నిలవదు. ఎండలో ఆ పొర నల్లని మచ్చగా ఎండిపోతుంది. చచ్చినట్లే కనిపిస్తుంది. తొలివాన పడగానే మళ్ళీ పచ్చబడుతుంది. ఇటువంటి మొక్కలు, సయనోబాక్టీరియాలు ఎండకు నీటినంతా కోల్పోయి కూడా నిలువగలవు. తడి తగిలితే తిరిగి జీవక్రియ మొదలుపెడతాయి. దిగుడుబావి మెట్ల మీద ఎండిన నల్లచారను చూసి, నీరు ఒకప్పుడు ఎంతవరకు ఉండేదో చెప్పవచ్చు. ఇక్కడ పాసి నీటి జ్ఞాపకం.

పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు నిర్మించిన ఆ చెరువు సందర్భంలో, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం పేర్కొంటుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, నడుమ మెరక ఉండటం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం ఆ దోషాలు. నీటికి, నేలకు మధ్య కుదరవలసిన లెక్క తప్పడమే ఆ దృష్టిలో దోషం. నీటిపై పచ్చదనానికి ఆ జాబితాలో చోటు లేదు. నీటిని ఆశించే నేల ఆలోచన దేనిని దోషమంటుందో ఈ జాబితా చూపిస్తుంది.

ఇందుకు మరొక వైపు మహానంది కోనేరు. నల్లమల పాదంలో ఊటగా వచ్చి ఎడతెగక పారే ఆ నీరు అడుగు కనిపించేంత తేటగా ఉంటుందని ప్రసిద్ధి. పారే నీరు తేటగా ఉంటుంది, నిలిచిన నీరు పాసి పడుతుంది. రెండూ ఈ నేల ఎరిగిన అనుభవాలే. అయితే రాయలసీమలోనూ ‘పాసిపోయిన కూడు’ అంటే చెడిన అన్నమే. కాబట్టి సీమలో ఈ మాటకు మంచి అర్థం, కోస్తాలో చెడ్డ అర్థం అని విభజించడం సరికాదు. అన్నానికి ముందు నిలిస్తే ఒక అర్థం, మెట్టుకు ముందు నిలిస్తే మరొక అర్థం. రెండవ అర్థంలోని విలువను మాత్రం నీటి కొరత నిర్ణయిస్తుంది.

సాహిత్యవిమర్శలో ‘పాచిపట్టిన భావాలు’, ‘పాచిపట్టిన సంప్రదాయం’ అనే మాటలు విరివిగా వాడుతున్నాము. వాటిలో పొర అంటే కేవలం నిలవదనమే. రాయలసీమ కథలలో, నవలలలో బావిమెట్ల మీది పాసి కనిపించినప్పుడు అదే అలవాటుతో దానిని క్షీణతకు ప్రతీకగా చదివే ప్రమాదం ఉంది. అక్కడ ఆ పచ్చదనం క్షీణించినదానికి కాక, ఇంకా మిగిలి ఉన్నదానికి గుర్తు కావచ్చు. ప్రతీకను చదివే ముందు ఆ వస్తువు ఆ నేలలో ఏమిటో తెలుసుకోవడం విమర్శకుని బాధ్యత. కడప జిల్లా ఊర్ల పేర్లపై పరిశోధన చేసిన కేతు విశ్వనాథరెడ్డి కథారచయిత కూడా కావడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. ఆ నేల మాటలను శ్రద్ధగా లెక్కించిన కలమే ఆ నేల కథలనూ రాసింది.

9. అరువు సామెత

ఈ సందర్భంలో మరొక అనువాదాన్ని ప్రస్తావించాలి. ‘దొర్లే రాయికి నాచు అంటదు’ అనే మాట నేడు తెలుగు సామెత వలె చలామణి అవుతోంది. అది ఐరోపా నుంచి ఆంగ్లం ద్వారా వచ్చినది. మొదట ఆ సామెత స్థిరంగా ఒకచోట ఉండనివాడికి ఏదీ సమకూడదని చెప్పింది. అంటే నాచు సంపదకు గుర్తు. తెలుగులో అదే మాట విన్నవారిలో చాలామంది కదులుతూ ఉంటే మురికి అంటదని అర్థం చెప్పుకొంటారు. అంటే నాచు మాలిన్యానికి గుర్తు. ఆంగ్లంలోనూ ఈ రెండవ అర్థం తరువాత వ్యాపించింది. ఒకే పొరను సంపదగా గాని మాలిన్యంగా గాని చూడటం ఆ పొరలో లేదు, చూసే సమాజంలో ఉంది. ‘పాకుడురాళ్ళు’ ఆంగ్లంలోకి వెళ్ళినప్పుడూ, ఈ సామెత తెలుగులోకి వచ్చినప్పుడూ మాటలు దాటాయి, వాటి వెనుక ఉన్న తడి దాటలేదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి. ‘పాచి’ పచ్చదనాన్ని చెప్పే ధాతువు నుంచి వచ్చింది. ‘పాకుడు’ తలాన్ని అంటి విస్తరించడాన్ని చెప్పే ధాతువు నుంచి వచ్చింది. విశేషణస్థానంలో ‘పాచి’ నిలవ, అశుభ్రత అనే అర్థాలకు పరిమితమైనందువల్ల, పొర కప్పిన తలాన్ని చెప్పే పని ‘పాకుడు’కు దక్కింది. ఆ విశేషణం జారుడు, దిగుడు వంటిది కాదు, తుప్పు, మకిలి వంటిది. అందుచేత ‘పాకుడురాళ్ళు’ అంటే పాకుడు పట్టిన రాళ్ళే, పాకే రాళ్ళు కావు. ‘పాసి’ రూపం అపభ్రంశమనడానికి ఆధారం లేదు.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడి ఇంటినే పండితులకు పనిచోటుగా మార్చి తెలుగు మాటలను, కావ్యాలను సేకరింపజేశాడు. 1852లో వెలువడిన ఆయన తెలుగు–ఆంగ్ల నిఘంటువు ఆ కృషికి ఫలం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయపదాలను పల్లెల నుంచి నేరుగా సేకరించే పద్ధతిని నేర్పింది. నేడు చేయవలసిన పని ఆ దారిలోనే ఉంది. కర్నూలు, కడప పల్లెలలో కపిలబావులు మూతపడ్డాయి, దిగుడుబావులు పూడిపోతున్నాయి. బోరుగొట్టానికి మెట్లు లేవు. మెట్లు లేనిచోట పాసి పట్టదు, పాకుడు మాట అవసరం పడదు. ఆ మెట్లు దిగి నీళ్ళు మోసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ మెట్టుకు ఏ పేరో, ఎండిన పాసిని ఏమనేవారో, తడిసిన పాసిని ఏమనేవారో వారిని అడిగి నమోదు చేసుకోవాలి. శాసనాన్ని చదవడానికి రాతి మీది పొరను తుడుస్తాము. ఇక్కడ మాత్రం ఆ పొర పేరే చదవవలసిన అక్షరం.